ఓడిపోయే స్తోమత ఎవరికుంది? పాలమూరు పీజీ విద్యార్థులు, పత్తాలాట యాప్‌లు

రోజుకు డెబ్బై రూపాయలు. తెలంగాణ ప్రభుత్వ హాస్టళ్లలో ఇంటర్ నుంచి పీజీ దాకా చదివే ఒక విద్యార్థి తిండికి ప్రభుత్వం లెక్కగట్టిన ఖర్చు ఇది. 2024 నవంబర్‌లో మెస్ చార్జీలు నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచిన తర్వాతి మాట. అంతకుముందు రోజుకు యాభై రూపాయలే.

ఇప్పుడు ఇంకో లెక్క చూద్దాం. పాయింట్‌కు ఒక్క రూపాయి పందెం ఉండే ఆన్‌లైన్ రమ్మీ టేబుల్ మీద ఒక ఆట పూర్తిగా ఓడితే ఎనభై పాయింట్లు, అంటే ఎనభై రూపాయలు పోతాయి. ఒక ఆటకు ఐదు నిమిషాలు చాలు. యాప్‌లు దీన్ని చిన్నవాళ్ల టేబుల్ అంటాయి. ఒక రోజంతటి తిండి ఐదు నిమిషాల్లో పోయే ఆటను 'హాబీ' అని పిలవగలిగేది ఎవరు? ఈ వ్యాసం అడిగే ప్రశ్న ఇదే.

పాలమూరు విశ్వవిద్యాలయానికి మహబూబ్‌నగర్‌లోని ప్రధాన క్యాంపస్ కాక గద్వాల, వనపర్తి, కొల్లాపూర్‌లలో పీజీ కేంద్రాలున్నాయి. కొల్లాపూర్ నాగర్‌కర్నూల్ జిల్లాలోది. ఉమ్మడి జిల్లాను 2016 అక్టోబర్‌లో విడగొట్టాక ఏర్పడ్డ ఈ మూడు జిల్లాల్లోనూ మన పిల్లలు ఎం.ఏ., ఎం.కామ్., ఎమ్మెస్సీ చదవడానికి దగ్గర్లో ఉన్నవి ఇవే. జోగులాంబ గద్వాల జిల్లా పరిధిలోని ప్రాంతంలో 2011 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత యాభై శాతం కూడా లేదు. అటువంటి చోట మాదిగ వాడ నుంచో మాల వాడ నుంచో పీజీ దాకా వచ్చిన పిల్లగాడు ఆ ఇంట్లో మాత్రమే కాదు, చాలాసార్లు ఆ వాడలోనే మొదటివాడు. వాడి చేతిలోని ఫోన్ లైబ్రరీ, కోచింగ్ సెంటర్, నోటిఫికేషన్ బోర్డు, బ్యాంకు. పత్తాలాట కూడా అందులోకే వచ్చింది.

ముందే ఒక మాట. పేకాట పాపమా కాదా అన్న చర్చ ఇక్కడ లేదు. మన పిల్లలు ఆటలాడకూడదని, పొద్దంతా పుస్తకాలే పట్టుకు కూర్చోవాలని చెప్పే పెద్దమనిషి తరహా మనకొద్దు. సరదా అందరి హక్కు. అయితే ఒకే టేబుల్ మీద, ఒకే పందెంతో, ఒకే నియమాలతో ఆడినా ఓటమి అందరికీ ఒకే తీరుగా తగలదు. అక్కడ కులం ఎట్లా పనిచేస్తుందో అర్థం చేసుకోవాలి.

ఎదురుచూపుల్లోకి వచ్చిన ఆట

పీజీ విద్యార్థి జీవితంలో ఎక్కువ భాగం ఎదురుచూపే. ఈ-పాస్‌లో దరఖాస్తు పెట్టి స్కాలర్‌షిప్ కోసం చూడాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాకపోతే సర్టిఫికెట్ల కోసం చూడాలి. ఈ బకాయిల పేరుతోనే ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు 2025 సెప్టెంబర్‌లో ఒకసారి, మళ్లీ నవంబర్ 3 నుంచి ఇంకోసారి కాలేజీల బంద్‌కు దిగాయి. ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ మధ్య గొడవలో మధ్యన నిలబడ్డది విద్యార్థే.

చదువు అయిపోయాక ఉద్యోగం కోసం ఇంకో ఎదురుచూపు. తెలంగాణ వచ్చాక మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో వచ్చింది. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ రాశారు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఆ ఫలితాలు కూడా 2025లో కోర్టు మెట్లెక్కాయి. ఇరవై రెండేళ్లప్పుడు చదవడం మొదలుపెట్టినవాడికి ఇరవై ఆరు వచ్చాయి. ఇంట్లో "ఏమైంది బిడ్డా, నౌకరీ సంగతి?" అని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు.

ఈ ఖాళీలోకే యాప్‌లు వచ్చాయి. రమ్మీ ముందు. ఊర్లో దసరాకో జాతరకో పెద్దవాళ్లు ఆడుతుంటే చూసిన ఆటే కాబట్టి కొత్తగా నేర్చుకోవాల్సిన పని లేదు. తర్వాత తీన్‌పత్తి. ఇంగ్లిష్ వీడియోలు చూసే పీజీ కుర్రాళ్లకు పోకర్. పోకర్‌కు ఒక ప్రత్యేక గౌరవం కూడా ఉంది. చేతిలో రెండు పత్తాలు, బల్ల మీద అందరికీ కనిపించే ఐదు పత్తాలు, ఎదుటివాడి మనసు చదవడం, సంభావ్యత లెక్కలు. స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ చదివే విద్యార్థికి ఇది జూదంలా అనిపించదు, తన సిలబస్‌కు ప్రాక్టికల్‌లా అనిపిస్తుంది. "నేను లక్‌ను నమ్మను, లెక్కను నమ్ముతా" అనడం అక్కడినుంచే మొదలవుతుంది.

స్కాలర్‌షిప్ ఆలస్యం చిన్న విషయమనుకునేవాళ్లకు ఒక సంగతి గుర్తుచేయాలి. 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రాణాలు విడిచిన రోహిత్ వేముల తన చివరి ఉత్తరంలో రావాల్సిన ఏడు నెలల ఫెలోషిప్ గురించి, ఒక మిత్రుడికి ఇవ్వాల్సిన డబ్బు గురించి రాశాడు. ఆయన పోరాటం వేరు, ఆయన్ని అక్కడికి నెట్టిన కారణాలు వేరు, వాటికీ ఈ ఆటలకూ సంబంధం లేదు. కానీ ఆగిపోయిన ఫెలోషిప్పు, హాస్టల్ మిత్రుల దగ్గర చేబదులు అనేవి పై చదువుల్లోని దళిత విద్యార్థికి ఎంత మామూలు విషయాలో ఆ ఉత్తరం దేశానికి చూపించింది. ఆ చేబదుళ్ల మధ్యకే ఇప్పుడు "వంద వేసి ఐదు వందలు గెలుచుకో" అనే నోటిఫికేషన్ వస్తోంది.

సికింద్రాబాద్ క్లబ్బు నుంచి ఫోన్ తెర దాకా

ఈ కంపెనీలు ఇన్నేళ్లు బతికింది ఒక్క మాట మీద: "మాది జూదం కాదు, నైపుణ్యం". ఆ మాటకు పునాది వేసిన తీర్పు మన దగ్గరిదే. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని పోలీసులు పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వర్సెస్ కె. సత్యనారాయణ పేరుతో నడిచిన ఆ కేసులో తీర్పు 1967 నవంబర్‌లో వచ్చింది. పడిన పత్తాలను గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని కోర్టు అన్నది.

కంపెనీలు ఈ సగాన్ని బోర్డు మీద రాసుకున్నాయి. రెండో సగాన్ని దాచిపెట్టాయి. ఆట నడిపే ఇల్లు గానీ క్లబ్బు గానీ ఆ పందేల మీద లాభం తీసుకుంటుంటే నేరం కావచ్చని అదే తీర్పు చెప్పింది. ఆన్‌లైన్ టేబుల్ నడిపేవాడి బతుకంతా ఆ లాభమే. ప్రతి ఆటలో మధ్యన పోగైన పందెంలోంచి కొంత శాతం కోసుకోవడం వాడి వ్యాపారం.

తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో ఆర్డినెన్స్ తెచ్చి, తర్వాత 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, నైపుణ్యం పేరు చెప్పినా సరే డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడడాన్ని నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020 సెప్టెంబర్‌లో అదే దారి పట్టింది. కర్ణాటక 2021లో చట్టం చేసింది గానీ 2022 ఫిబ్రవరిలో అక్కడి హైకోర్టు దాన్ని కొట్టేసింది. దీని అర్థం ఏమిటో గద్వాలలో నిలబడి చూస్తే తెలుస్తుంది. అక్కడినుంచి కర్నూలు గానీ రాయచూరు గానీ అరవై కిలోమీటర్ల లోపే. 2022 నుంచి 2025 దాకా అదే పోకర్ ఆట గద్వాలలో నేరం, కర్నూలులో నేరం, రాయచూరులో నైపుణ్యం. బస్సెక్కాల్సిన పని కూడా లేదు. ఫోన్ ఉన్న చోటును తప్పుగా చూపించే ఉచిత యాప్ ఒకటి వేసుకుంటే హాస్టల్ మంచం మీద పడుకునే రాయచూరులో ఉన్నట్టు. అంటే తెలంగాణ విద్యార్థి ఎనిమిదేళ్లు చట్టం కాగితం మీద రక్షణలో ఉన్నాడు, ఫోన్‌లో టేబుల్ ముందు ఉన్నాడు. పైగా దొంగచాటుగా ఆడుతున్నాడు కాబట్టి మోసపోతే ఫిర్యాదు చేసే ధైర్యం కూడా లేదు.

'నైపుణ్యం' అనే మెరిట్ వాదం

ఇక అసలు విషయానికి వద్దాం. పోకర్‌లో నైపుణ్యం లేదా? ఉంది. మంచి ఆటగాడు దీర్ఘకాలంలో చెడ్డ ఆటగాడిని ఓడిస్తాడు. ఇది నిజమే. కానీ "దీర్ఘకాలంలో" అన్న మాట ఖరీదు ఎవరు కట్టాలి?

రెండు ఫోన్లు ఊహించుకోండి. ఒకరి ఖాతాలో 2,000 రూపాయలు. ఇంకొకరి ఖాతాలో 18,000. ఇద్దరికీ సమానమైన తెలివి, కంపెనీ కోత అసలే లేదు, ప్రతి ఆటా సగం సగం అవకాశమే. ఇద్దరిలో ఒకరి జేబు పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఆడారనుకుందాం. రెండు వేలు ఉన్నవాడు గెలిచే అవకాశం పదింట ఒకటి. ఖాళీ అయ్యే అవకాశం పదింట తొమ్మిది. ఇది గణితంలో శతాబ్దాలుగా తెలిసిన లెక్క, జూదగాడి పతనం అనే పేరుతో పాఠ్యపుస్తకాల్లోనే ఉంది. ఇద్దరి తెలివీ ఒకటే, తేడా అల్లా జేబులోనే. పెద్ద జేబున్నవాడు నాలుగు సార్లు వరుసగా ఓడినా ఐదోసారి టేబుల్ దగ్గర ఉంటాడు. చిన్న జేబున్నవాడు తన నైపుణ్యం ఫలించే రోజు వచ్చేలోపే లేచిపోతాడు.

దానికి కంపెనీ కోత కలపండి. ప్రతి ఆటలో వందకు ఐదు రూపాయలు తీసుకుంటారనుకుందాం. ఒక హాస్టల్ గదిలోని మిత్రులు తమలో తామే ఆడుకుంటూ వెయ్యి రూపాయలను పదిసార్లు తిప్పితే చివరికి అందరి దగ్గరా కలిపి మిగిలేది 599. ఇరవై సార్లు తిప్పితే 358. వాళ్లలో ఒకడు 'గెలిచాడు' కావచ్చు. కానీ ఆ గది మొత్తంగా ఓడిపోయింది.

గ్రాడ్యుయేట్ స్కూల్లో ఉంటూ పోకర్ నేర్చి ప్రపంచ ప్రసిద్ధుడైన మనిషి ఉదాహరణ కూడా ఇదే చెబుతుంది. అమెరికాలో క్రిస్ ఫెర్గూసన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌లో కంప్యూటర్ సైన్స్ పీహెచ్‌డీ 1999లో పూర్తిచేశాడు. మరుసటి ఏడాదే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ గెలిచి 15 లక్షల డాలర్లు తీసుకున్నాడు. తండ్రి అదే విశ్వవిద్యాలయంలో గణితం ప్రొఫెసర్. తర్వాత ఫెర్గూసన్ ఒక సవాలు పెట్టుకున్నాడు: సున్నా డాలర్లతో మొదలుపెట్టి ఆన్‌లైన్‌లో పది వేల డాలర్లు చేయడం. చేశాడు. కానీ ఏ నియమంతో? తన దగ్గరున్న మొత్తంలో ఐదు శాతానికి మించి ఒక టేబుల్ మీద పెట్టకూడదు. అంతటి నిపుణుడికి కూడా నెలలకు నెలలు పట్టింది.

ఆ ఐదు శాతం నియమాన్ని మన హాస్టల్‌కు తెద్దాం. నెలంతటి మెస్ చార్జీ 2,100లో ఐదు శాతం 105 రూపాయలు. అంటే తిండికిచ్చిన డబ్బంతా ఆటకే కేటాయించినా, ప్రపంచ చాంపియన్ జాగ్రత్త ప్రకారం మన విద్యార్థి ఒక టేబుల్ మీద 105 రూపాయలకు మించి పెట్టకూడదు. ఆడేవాళ్లలో ఎందరు ఈ నియమం పాటించగలరు? ఓడినవాడు నిపుణత తక్కువై ఓడలేదు. నిపుణత పనిచేయడానికి కావలసిన పెట్టుబడి లేక ఓడాడు.

ఈ వాదన మనకు కొత్తది కాదు. రిజర్వేషన్ల మీద దశాబ్దాలుగా వింటున్నదే. "పరీక్ష అందరికీ ఒక్కటే, పేపర్ ఒక్కటే, గెలిచినవాడిది మెరిట్" అంటారు. పోకర్ టేబుల్ కూడా అదే అంటుంది: "పత్తాలు అందరికీ ఒకే కట్టలోంచి, గెలిచినవాడిది స్కిల్". ఒకసారి ఫెయిలైనా ఇంకో ఏడాది హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ కిరాయి కట్టే తండ్రి ఎవరికున్నాడో మెరిట్ వాదం చెప్పదు. పది వేలు పోతే "పోనీలే" అనే ఇల్లు ఎవరికుందో స్కిల్ వాదం చెప్పదు. ఓడిపోయే స్తోమత కూడా ఒక ఆస్తే. భూమి ఎట్లా తరతరాలుగా కొందరికే పంచబడిందో ఇది కూడా అట్లాగే పంచబడింది.

మెరిట్ వాదంలాగే ఇదీ ఓడినవాడి మీదే తప్పు వేస్తుంది. లాటరీ ఓడినవాడు అదృష్టాన్ని తిడతాడు. 'నైపుణ్య క్రీడ' ఓడినవాడు తనను తానే తిట్టుకుంటాడు. నీకు తెలివి లేదని చిన్నప్పటినుంచి బడిలో విన్న పిల్లగాడికి ఇది ఇంకో రుజువులా కనిపిస్తుంది. దాన్ని అబద్ధమని నిరూపించడానికి మళ్లీ డబ్బు వేస్తాడు. ఇది లోభం కాదు, ఆత్మగౌరవం కోసం పడే పాటు. వ్యాపారం దాన్నే పిండుకుంటుంది.

మేస్త్రీ అడ్వాన్సు, యాప్ బోనస్

పాలమూరు జనానికి అడ్వాన్సు అంటే ఏమిటో ఎవరూ చెప్పనక్కర లేదు. గుంపు మేస్త్రీ వాడకొచ్చి ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టేవాడు. ఆ సొమ్ము తీరేదాకా భార్యాభర్తలు దేశం నలుమూలలా ప్రాజెక్టుల మట్టి మోసేవారు. పాలమూరు లేబర్ అనే పేరు అట్లా పుట్టింది. గద్వాలలో సీడ్ పత్తి రైతుకు ఆర్గనైజర్ ఇచ్చే అడ్వాన్సూ అటువంటిదే. విత్తనం పరీక్షలో పాసయ్యిందో ఫెయిలయ్యిందో తేలి లెక్క తెగేదాకా రైతు ఆర్గనైజర్ చేతిలోనే. ఆ చేలల్లో పువ్వులు దాటించే కూలీల్లో ఎక్కువమంది ఎవరి పిల్లలో మనకు తెలుసు.

యాప్‌లో చేరగానే వచ్చే 'వెల్‌కమ్ బోనస్' ఈ అడ్వాన్సుకు తమ్ముడి వరస. ఖాతాలో కనిపిస్తుంది, తీసుకోవడానికి రాదు. ఇన్ని ఆటలు ఆడితే ఇంత విడుదల అని నిబంధన. బోనస్ చేతికి రావాలంటే సొంత డబ్బు పందెంలో తిరగాలి, తిరిగిన ప్రతిసారీ కోత పడాలి. తండ్రిని అడ్వాన్సు పనికి కట్టేసినట్టే కొడుకును బోనస్ టేబుల్‌కు కట్టేస్తుంది.

సొంత డబ్బు అయిపోయాక లోన్ యాప్. 2020 డిసెంబర్‌లో లోన్ యాప్‌ల వేధింపులతో తెలంగాణలో జరిగిన ఆత్మహత్యలు, ఆ తర్వాతి అరెస్టులు గుర్తుండే ఉంటాయి. ఆ తర్వాత రిజర్వ్ బ్యాంక్ వేసిన కమిటీ ఆన్‌లైన్ యాప్ స్టోర్లలో దాదాపు 1,100 లోన్ యాప్‌లను లెక్కించింది. వాటిలో 600 చట్టవిరుద్ధమైనవి. తాకట్టు పెట్టడానికి భూమి లేనివాడి దగ్గర ఈ యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులను, ఫొటోలను తాకట్టు పెట్టుకుంటాయి. కట్టకపోతే ఊరందరికీ మెసేజ్‌లు పోతాయి. వాడలోంచి పీజీ దాకా వెళ్లిన మొదటివాడి మీద అటువంటి మెసేజ్ ఊరి దొర ఫోన్‌కు చేరితే దాని అర్థం ఒక్క కుటుంబం పరువు కాదు. "వీళ్లకు చదువిస్తే ఇంతే" అనే మాటకు ఊరిలో మళ్లీ ప్రాణం వస్తుంది.

ఆ అప్పు చివరికి ఎక్కడ తీరుతుంది? అమ్మ మహిళా సంఘంలో తెచ్చిన లోన్‌లో. చెల్లె డిగ్రీ ఫీజుకు దాచిన డబ్బులో. ఆడేది ఎక్కువగా మగపిల్లలు, తీర్చేది ఎక్కువగా ఆడవాళ్లు. చెల్లె చదువు ఆగిపోతే అది ఏ గేమింగ్ నష్టాల లెక్కలోకీ రాదు.

నిషేధం తర్వాత

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. లోక్‌సభ 20న, రాజ్యసభ 21న ఆమోదించాయి, 22న రాష్ట్రపతి సంతకం అయింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నైపుణ్యమైనా అదృష్టమైనా దేశమంతా నిషిద్ధం. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు చేసేవాళ్లకు రెండేళ్ల దాకా జైలు, యాభై లక్షల దాకా జరిమానా. ఆడేవాళ్లకు శిక్ష లేదు, వాళ్లను బాధితులుగా చూస్తామన్నారు. నైపుణ్యం, అదృష్టం అనే తేడాను పక్కన పెట్టడం మంచిదే. కంపెనీలు కోర్టుకు వెళ్లాయి, హైకోర్టుల్లోని పిటిషన్లు సుప్రీంకోర్టుకు బదిలీ అయ్యాయి.

ఏటా 45 కోట్ల మంది కలిసి 20 వేల కోట్లు పోగొట్టుకుంటున్నారని అప్పుడు కేంద్రం చెప్పిన అంచనా. భాగిస్తే తలకు 444 రూపాయలు. హాస్టల్ లెక్కలో ఆరు రోజుల తిండి. కానీ ఈ సగటు మోసకారిది. ఎక్కువమంది యాభై, వంద పోగొట్టుకుని మానేస్తారు. కొందరు లక్షలు పోగొట్టుకుంటారు. ఆ కొందరు ఎవరు, ఏ కులాలవాళ్లు, ఏ ఆదాయాలవాళ్లు అని అడగకుండా 45 కోట్ల మందిని ఒకే మూటలో కట్టడం మన సమస్యను కనిపించకుండా చేస్తుంది. ఇంకో సంగతి: ఇదే ఆటల డిపాజిట్ల మీద 2023 అక్టోబర్ నుంచి ప్రభుత్వాలు 28 శాతం జీఎస్టీ వసూలు చేశాయి. సామాజిక రుగ్మత అన్న దాని నుంచి అంతకాలం వాటా తీసుకున్నాక, నష్టపోయినవాళ్లకు తిరిగి ఏమిస్తారో చట్టం చెప్పలేదు.

పేరున్న కంపెనీలు డబ్బు టేబుళ్లు మూసేశాయి. మూయనివి విదేశాలనుంచి నడిచేవి. టెలిగ్రామ్ లింకుల ద్వారా, ప్లే స్టోర్ బయట దొరికే ఫైళ్ల ద్వారా వస్తాయి. వీటికి డబ్బు తీసుకోవడానికి ఎవరో ఒకరి బ్యాంకు ఖాతా కావాలి. "నీ అకౌంట్ కొన్ని రోజులివ్వు, కమీషన్ ఇస్తాం" అని అడిగేది డబ్బు అవసరమున్న విద్యార్థులనే. సైబర్ పోలీసులు వీటిని మ్యూల్ అకౌంట్లు అంటారు. కేసు అయితే మొదట స్తంభించేది ఆ ఖాతా, మొదట పోలీస్ స్టేషన్‌కు పోయేది ఆ విద్యార్థి. స్కాలర్‌షిప్ పడేది కూడా ఆ ఖాతాలోనే అయితే అదీ ఆగుతుంది. మిత్రులారా, ఎంత కమీషన్ ఇస్తామన్నా మీ ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ ఎవరికీ ఇవ్వొద్దు.

ఇంకో ప్రమాదం రాష్ట్ర చట్టంలో ఉంది. కేంద్ర చట్టం ఆడేవాణ్ని బాధితుడంటే తెలంగాణ గేమింగ్ చట్టం వాణ్ని నిందితుణ్ని చేయగలదు. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం గ్రౌండ్‌లో పరుగెత్తే పిల్లగాడి మీద ఒక చిన్న గేమింగ్ కేసు ఉన్నా దరఖాస్తులో చెప్పాల్సిందే, పోలీసు విచారణలో సమాధానం ఇచ్చుకోవాల్సిందే. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసిన సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద సైబరాబాద్ పరిధిలో కేసులు పెట్టారు, ప్రభుత్వం సిట్ వేసింది. వాళ్లకు వకీళ్లున్నారు, విచారణకు కార్లలో వచ్చి వెళ్లారు. ప్రకటన చూసి ఆడినవాడికి వకీలు ఎవరు?

ఏం అడగాలి

విద్యార్థి సంఘాలు, దళిత సంఘాలు దీన్ని 'చెడు అలవాట్ల' జాబితాలో వేసి అవగాహన సదస్సుతో సరిపెట్టొద్దు. ఇది స్కాలర్‌షిప్ సమస్యలో భాగం, ఉపాధి సమస్యలో భాగం.

మొదటిది, మెయింటెనెన్స్ ఫీజు, మెస్ చార్జీలు ప్రతినెలా ఫలానా తేదీకి పడాలని పట్టుబట్టాలి. ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. ఎవరి వాటా ఎంత ఆలస్యమైందో కాలేజీ వారీగా నోటీసు బోర్డు మీద పెట్టమని అడగాలి. మూడు నెలలు చేబదుళ్ల మీద బతికించి ఆ తర్వాత క్రమశిక్షణ గురించి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

రెండోది, ఆడి నష్టపోయిన విద్యార్థి మీద రాష్ట్ర గేమింగ్ చట్టం కింద కేసులు పెట్టబోమని ప్రభుత్వం స్పష్టంగా ప్రకటించాలి. ఇప్పటికే పెట్టినవి ఎత్తేయాలి. కేంద్ర చట్టం బాధితుడన్నవాణ్ని రాష్ట్ర చట్టం నేరస్థుణ్ని చేయడం చెల్లదు.

మూడోది, యూనివర్సిటీ పరిధిలోని ప్రతి పీజీ కేంద్రంలో, ప్రతి సంక్షేమ హాస్టల్‌లో అప్పుల గురించి రహస్యంగా చెప్పుకునే వీలుండాలి. విద్యార్థి బయటికి చెప్పకపోవడానికి భయం వార్డెన్ గురించి, సీటు గురించి, తల్లిదండ్రులకు తెలుస్తుందని. చెప్పినవాణ్ని హాస్టల్ నుంచి పంపేస్తే మిగతావాళ్లెవరూ నోరు విప్పరు. అత్యవసరంగా చిన్న మొత్తం మిత్తి లేకుండా ఇచ్చే నిధి యూనివర్సిటీ దగ్గర ఉంటే లోన్ యాప్ దాకా పోవాల్సిన పని సగం తగ్గుతుంది. పూర్వ విద్యార్థుల్లో ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు మన సంఘాల ద్వారా ఇటువంటి నిధిని ఈ మూడు పట్టణాల్లోనే మొదలుపెట్టొచ్చు.

నాలుగోది మన మధ్య మనం చేయగలిగింది. గదిలో ఎవరైనా రాత్రంతా ఫోన్‌తో కూర్చుని, తెల్లారి మెస్ మానేసి, చేబదుళ్లు అడుగుతుంటే ఎగతాళి చేయొద్దు, ఉపన్యాసం ఇవ్వొద్దు. "ఎంత పోయింది, ఎవరికివ్వాలి?" అని నేరుగా అడగండి. లెక్క కాగితం మీద రాయండి. ఖాతాలోంచి మోసం చేసి డబ్బు తీసుకుంటే, లోన్ యాప్ బెదిరిస్తే 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు దొరకదు. బతుకు మీద విరక్తి మాటలు వినిపిస్తే వాణ్ని ఒంటరిగా వదలొద్దు, 14416 టెలీమానస్‌కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఒక చివరి మాట. పోకర్ లెక్కలు మీకు నచ్చితే నేర్చుకోండి. డబ్బు లేకుండా ఆడండి, సంభావ్యత బాగా అర్థమవుతుంది. ఈ వ్యాసంలోని రెండు వేలు, పద్దెనిమిది వేల లెక్కను మీ క్లాసులో బోర్డు మీద వేసి చూపండి. రిజర్వేషన్ల మీద చర్చ వచ్చినప్పుడు కూడా అదే లెక్క వేయండి. తెలివి సమానంగా ఉన్నా జేబు సమానంగా లేనప్పుడు పదింట తొమ్మిదిసార్లు ఎవరు లేచిపోవాల్సి వస్తుందో అందరికీ కనబడుతుంది.